నింటెండో స్విచ్ 2: చేతిలో కన్నా టీవీ కిందే బాగుంది

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నాను. ఇంట్లో ఆడేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటే నింటెండో స్విచ్ 2కి సాటి వచ్చే వస్తువు ఇంకోటి లేదు. అలా కాకుండా ఒక్కళ్ళే, రైల్లోనో బస్సులోనో చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడుకోవడానికి కావాలంటే మాత్రం తొందరపడకండి, ఆ డబ్బుకి వేరే దారులున్నాయి. పేరుకి ఇది చేత్తో పట్టుకుని వీడియో గేములు ఆడే కన్సోల్. మా ఇంట్లో మాత్రం ఎక్కువసేపు టీవీ కింద, దాన్ని టీవీకి కలిపే డాక్‌లో ఉంటుంది, లేదంటే డైనింగ్ టేబుల్ మీద స్టాండ్ వేసుకుని నిలబడి ఉంటుంది. చేతుల్లోకి వచ్చేది కరెంటు పోయినప్పుడే.

కొనడం గురించి ముందు. మన దేశంలో నింటెండో అధికారికంగా ఏదీ అమ్మదు. షోరూమ్ లేదు, సర్వీస్ సెంటర్ లేదు, గేములు కొనుక్కునే వాళ్ళ ఆన్‌లైన్ దుకాణం ఈషాప్ కూడా మన దేశానికి లేదు. కాబట్టి విదేశాల నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించుకోవాలి, లేదా దిగుమతి సరుకు అమ్మే షాపుకి వెళ్ళి వాళ్ళు చెప్పిన రేటుకి తెచ్చుకోవాలి. 2025 జూన్ 5న విడుదలైనప్పుడు అమెరికాలో దీని ధర 449.99 డాలర్లు, మారియో కార్ట్ వరల్డ్ గేముతో కలిపి తీసుకుంటే 499.99. పైన అక్కడి సేల్స్ టాక్స్. మా బావమరిది న్యూజెర్సీలో ఉంటాడు, సెలవులకి వస్తూ గేముతో ఉన్న బాక్సు పట్టుకొచ్చాడు. వెళ్ళేటప్పుడు మా అమ్మ పెట్టిన ఆవకాయా గోంగూరా తీసుకెళ్ళాడు. డబ్బు లెక్క ఇంకా తేలలేదు, వాళ్ళక్క తేలనివ్వట్లేదు.

బాక్సులో కన్సోల్, దాని రెండు పక్కలా తగిలించే చిన్న కంట్రోలర్లు అంటే జాయ్‌కాన్‌లు రెండు, డాక్, హెచ్‌డీఎంఐ కేబుల్, జాయ్‌కాన్‌లు రెండూ తగిలించి మామూలు కంట్రోలర్‌లా పట్టుకునే గ్రిప్, చార్జర్ వస్తాయి. చార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి స్టెబిలైజరూ ట్రాన్స్‌ఫార్మరూ అక్కర్లేదు. పిన్నులు మాత్రం అమెరికా వాళ్ళవి, బల్లపరుపుగా ఉంటాయి. ఆ కన్వర్టర్ ప్లగ్గు దగ్గర కక్కుర్తి పడకండి, ఫుట్‌పాత్ మీద దొరికేది సాకెట్లో వదులుగా కూర్చుని చిటపటలాడుతుంది.

ఆ గ్రిప్ విషయంలో నాకు నింటెండో మీద చిన్న కోపం. బాక్సులో ఇచ్చినదానికి చార్జింగ్ రాదు, చార్జింగ్ వచ్చేది కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ఇంత ఖరీదు పెట్టించుకుని అక్కడ పిసినారితనం ఏంటో.

కొన్నవాళ్ళు అందరికంటే ముందు తెలుసుకోవాల్సింది స్క్రీన్ మీద ఉండే పొర గురించి. ఫ్యాక్టరీ నుంచే దీని స్క్రీన్ మీద పల్చటి ఫిల్మ్ అతికించి వస్తుంది. ఫోన్ కొన్నప్పుడు పీకి పారేసే ప్లాస్టిక్ లాంటిది కాదది, గాజు పగిలితే ముక్కలు చెల్లాచెదురు కాకుండా పెట్టింది, దాన్ని పీకకూడదని నింటెండో స్పష్టంగా రాసింది. టెంపర్డ్ గ్లాస్ వేయిద్దామని విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక మొబైల్ షాపుకి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు గుడ్డతో తుడిచి, లైటు కిందకి వంచి చూసి, మూల దగ్గర బొటనవేలి గోరు పెట్టి గీకడం మొదలెట్టాడు. "ఆగు తమ్ముడూ, అది తియ్యొద్దు!" అని కౌంటర్ మీంచి చెయ్యి పట్టుకున్నాను. "పాత గార్డ్ అండీ సార్, తీస్తేనే కొత్తది కూర్చుంటది" అంటాడు. వాడికి నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మూలన సన్నటి తెల్ల గీత ఇప్పటికీ ఉంది. మీరు గ్లాసు వేయించాలనుకుంటే ఇంట్లో ఫ్యాను ఆపుకుని మీరే వేసుకోండి.

ఇక చేతిలో ఎలా ఉంటుందంటే, స్క్రీన్ 7.9 అంగుళాలు. 2017లో వచ్చిన మొదటి స్విచ్‌ది 6.2, తర్వాత వచ్చిన ఓలెడ్ మోడల్‌ది 7. మందం మాత్రం పెంచలేదు, 13.9 మిల్లీమీటర్లే. పాతది చేతిలో ఆడిన వాళ్ళకి దీన్ని మొదటిసారి చూడగానే ఏదో ట్యాబ్లెట్‌కి చెవులు తగిలించినట్టుంటుంది. జాయ్‌కాన్‌లతో కలిపి బరువు 534 గ్రాములు. అరగంట హాయిగా ఉంటుంది. పడుకుని ముఖం మీదకి ఎత్తి పట్టుకుని ఆడే అలవాటు ఉంటే మణికట్లు లాగేస్తాయి. వెనకవైపు పట్టు కోసం ఏ వంపూ లేదు, బల్లపరుపుగా ఉంటుంది, నాలాంటి పెద్ద చేతులవాళ్ళకి చిటికెనవేలు ఎక్కడ పెట్టాలో తెలీదు.

స్క్రీన్ 1080పీ, సెకనుకి 120 ఫ్రేముల దాకా చూపిస్తుంది. అంకెలు బాగున్నాయి. కానీ ఇది ఎల్‌సీడీ, పాత ఓలెడ్ స్విచ్ నుంచి దీనికి మారితే నలుపు నలుపులా కనపడదు, ముదురు బూడిద రంగులా ఉంటుంది. రాత్రి లైటు ఆపేసి గుహల్లో తిరిగే గేము పెడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. వెలుగునీడల తేడా ఇంకా బాగా చూపించే హెచ్‌డీఆర్ ఉందంటారు, ఉన్నట్టు నాకైతే అనిపించలేదు. కెమెరా గబగబా తిరిగేటప్పుడు బొమ్మ వెనక నీడలా మసక కూడా ఉంటుంది. మా పిల్లలు పట్టించుకోలేదు, నేను పట్టించుకున్నాను, కాసేపయ్యాక నేనూ మర్చిపోయాను. పగలు ఆడితే రంగులు నిండుగా ఉంటాయి, అది మాత్రం ఒప్పుకోవాలి.

బ్యాటరీ దగ్గర మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. 5220 ఎంఏహెచ్, కంపెనీ చెప్పేది 2 గంటల నుంచి 6.5 గంటల దాకా. ఆ 2 అనే అంకెనే గుర్తుపెట్టుకోండి. శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళ్తూ సైబర్‌పంక్ అనే పెద్ద గేము పెట్టుకున్నాను. విజయవాడలో నిండుగా ఉన్న చార్జి మహబూబాబాద్ దాటేసరికి ఎర్రగీత చూపించింది, వరంగల్ కూడా రాలేదు. పక్కనాయన "అప్పుడే అయిపోయిందా అండీ" అని నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. చిన్న చిన్న టూడీ గేములు, పాత స్విచ్ గేములు అయితే నాలుగు గంటలు దాటి వస్తుంది, అది వేరే సంగతి. ఇప్పుడు పైన కూడా ఒక యూఎస్‌బీ సీ పోర్టు పెట్టారు కాబట్టి టేబుల్ మీద స్టాండ్ వేసుకుని ఆడుతూనే చార్జింగ్ పెట్టుకోవచ్చు. పాతదానికి అది అడుగున ఒక్కటే ఉండేది, స్టాండ్ వేస్తే వైరు పెట్టే వీలుండేది కాదు. స్టాండ్ కూడా పాత స్విచ్‌కి ఉన్న ఐస్‌క్రీమ్ పుల్ల లాంటిది కాదు, యూ ఆకారంలో ఉండే గట్టి కడ్డీ, ఎంత వాలుగా కావాలంటే అంత వాలుగా నిలబడుతుంది. సెట్టింగుల్లో చార్జింగ్‌ని 90 శాతం దగ్గర ఆపేసే ఆప్షన్ ఉంది, రోజంతా డాక్‌లో ఉంచేవాళ్ళు అది ఆన్ చేసుకోండి, బ్యాటరీ నాలుగు కాలాలు ఉంటుంది.

ఎండల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది జపాన్ వాళ్ళ వస్తువు, మనది బెజవాడ. వాడే చోట వేడి 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని నింటెండో చెప్తుంది. మే నెలలో మా హాల్లో సాయంత్రం ఆరింటికి కూడా 35 కంటే తగ్గదు! ఏసీ గదిలో అయితే ఏ ఇబ్బందీ లేదు. హాల్లో ఫ్యాను కింద చేతిలో పట్టుకుని పెద్ద గేము ఆడితే వెనక భాగం బాగా వేడెక్కుతుంది, లోపలి ఫ్యాను చప్పుడు పెరుగుతుంది. డాక్‌లో ఈసారి విడిగా ఒక ఫ్యాను పెట్టారు, అందుకే టీవీకి పెట్టి ఆడేటప్పుడు అంత వేడి అనిపించదు. కారులో, ఎండలో పార్క్ చేసి లోపల వదిలెయ్యడం మాత్రం వద్దే వద్దు.

జాయ్‌కాన్‌లు ఈసారి అయస్కాంతంతో అతుక్కుంటాయి. పాతవాటిని పట్టాల మీద పైనుంచి కిందకి జార్చాల్సి వచ్చేది, కొన్నాళ్ళకి వదులైపోయేవి. ఇవి దగ్గరకి తీసుకెళ్తే చాలు టక్కుమని లాక్కుని కూర్చుంటాయి, ఆ చప్పుడు కోసమే మావాడు ఊరికే తీసి పెడుతుంటాడు. తియ్యాలంటే వెనక చిన్న మీట నొక్కాలి. ఊడిపోతాయేమో అని నాకు మొదట్లో టెన్షన్, ఒక జాయ్‌కాన్ పట్టుకుని ఊపినా ఊడలేదు. స్టిక్‌లు పెద్దవయ్యాయి, మెత్తగా తిరుగుతున్నాయి. కానీ పాత జాయ్‌కాన్‌లకి ఉన్న పెద్ద జబ్బు, ముట్టుకోకపోయినా బొమ్మ తనంతట తనే పక్కకి నడిచిపోయే డ్రిఫ్ట్, దీనికి రాదని గ్యారంటీ ఏమీ లేదు. అరిగిపోని అయస్కాంత సెన్సర్లుండే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు పెట్టలేదని కంపెనీ వాళ్ళే ఒప్పుకున్నారు. సర్వీస్ సెంటర్ లేని దేశంలో కొనుక్కునేవాడికి ఇది చిన్న విషయం కాదు.

జాయ్‌కాన్‌ని పక్కకి నిలబెట్టి టేబుల్ మీద జరిపితే మౌస్ అవుతుంది. విన్నప్పుడు ఇదేదో గిమ్మిక్కు అనుకున్నాను, కానీ నిజంగా పని చేస్తుంది, దుప్పటి మీదా, ఆఖరికి ప్యాంటు మీద తొడ దగ్గర కూడా. టేబుల్ మీద గాజు ఉంటే మాత్రం పాత పేపరు ఒకటి పరుచుకోండి. సైబర్‌పంక్‌లో తుపాకీ గురి పెట్టడానికి స్టిక్ కంటే ఇదే నయం. అయితే పల్చటి అంచు మీద చెయ్యి ఆనించి ఎక్కువసేపు ఆడితే అరచెయ్యి నొప్పెడుతుంది. దీన్ని సరిగ్గా వాడుకున్న గేములు ఇంకా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పటిదాకా చదివి ఇన్ని వంకలుంటే మరి బాగుందని ఎందుకంటున్నావు అంటారేమో. టీవీకి పెట్టాక చూడండి. అసలు కథ అక్కడుంది.

మారియో కార్ట్ వరల్డ్. ఒకేసారి 24 మంది పోటీ పడతారు. మేం ఎక్కువగా ఆడేది నాకౌట్ టూర్. ఆరు పందేలు ఆపకుండా ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి, ప్రతి చెక్‌పాయింట్ దగ్గరా చివర ఉన్న నలుగురు ఎగిరిపోతారు, 24 నుంచి 20, 16, 12, 8, ఆఖరికి నలుగురు. బాక్సులో వచ్చే రెండు జాయ్‌కాన్‌లే ఒక్కోటి అడ్డంగా పట్టుకుంటే ఇద్దరికి రెండు కంట్రోలర్లు, ఇంకో పైసా ఖర్చు పెట్టకుండా ఇద్దరు ఆడేయొచ్చు. మా దగ్గర పాత స్విచ్ జాయ్‌కాన్‌లు కూడా ఉన్నాయి, అవి అయస్కాంతానికి అతుక్కోవు కానీ వైర్‌లెస్‌గా పనిచేస్తాయి, దాంతో నలుగురం అయిపోయాం. టీవీని నాలుగు ముక్కలు చేసి ఎవరి ముక్క వాళ్ళకి ఇస్తుంది. ఇద్దరు ఆడినంతసేపూ నున్నగా నడుస్తుంది, ముగ్గురు నలుగురైతే ఫ్రేములు సగానికి, సెకనుకి 60 నుంచి 30కి పడిపోతాయి. నాకు తెలిసింది, మిగతా వాళ్ళకి తెలీలేదు.

ఈ గేములో ఆవు ఉంది. మారియో, లుయీజీలతో పాటు ఒక మామూలు పాడి ఆవుని కూడా డ్రైవరుగా ఎంచుకోవచ్చు. మా అమ్మకి అరవై దాటాయి, టీవీ రిమోట్‌లో సౌండు బటన్ తప్ప ఇంకోటి ముట్టుకోదు. ఓ రోజు పిల్లలు ఆడుతుంటే వెనక కుర్చీలో చిక్కుడుకాయలు ఒలుస్తూ "అదేంట్రా, ఆవు బండి తోల్తోందీ?" అంది. అంతే, మనవడు చేతిలో జాయ్‌కాన్ పెట్టేశాడు. సెట్టింగుల్లో స్మార్ట్ స్టీరింగ్ అని ఒకటుంటుంది, రోడ్డు దిగి గోతిలో పడిపోకుండా బండిని అదే తిప్పుకుంటుంది. ఆటో యాక్సిలరేట్ అని ఇంకోటి, బటన్ నొక్కక్కర్లేదు, బండి దానంతటదే పోతుంది. కంట్రోలర్‌ని స్టీరింగ్‌లా వంచి ఆడే ఆప్షన్ కూడా ఉంది. ఈ మూడూ ఆన్ చేసి ఇచ్చాం. మలుపు వస్తే ఆవిడ జాయ్‌కాన్ తిప్పదు, తనే కుర్చీలో పక్కకి ఒరిగిపోతుంది, చేతులు కూడా దాంతో పాటు వంగుతాయి కాబట్టి ఆవు తిరుగుతుంది. తొలి చెక్‌పాయింట్ దాటిందంటే ఇంట్లో గోల. దాటకపోతే "నా ఆవేదిరా నాన్నా, ఏం చేశారు దాన్ని" అని మనవడి మీద కేకలు. ఇప్పుడు సాయంత్రం సీరియల్ మొదలయ్యే ముందు ఒక ఆట ఆవిడకి రాసిపెట్టి ఉంది, ఆ టైములో టీవీ ఎవరడిగినా ఇవ్వరు.

నా మాట ఏంటంటే, కంప్యూటర్ గేములాడే హ్యాండ్‌హెల్డ్‌లలో ఇంతకంటే మంచి స్క్రీన్ ఉన్నవీ, ఇంతకంటే బలమైనవీ దొరుకుతాయి. వాటిల్లో విండోస్ అప్‌డేట్ నడుస్తుండగా, లాంచర్ లాగిన్ అడుగుతుండగా అరవై దాటిన ఆవిడ చేతిలో పెట్టి ఆడమనడం కుదరదు. ఇందులో డాక్‌లో పెడితే టీవీలో వస్తుంది, తీస్తే చేతిలోకి వస్తుంది, మధ్యలో ఎవరినీ ఏమీ అడగదు. కరెంటు పోయిందనుకోండి, టీవీ ఆరిపోతుంది, కన్సోల్ పోదు కదా, డాక్‌లోంచి పైకి లాగితే ఆట ఆగిన చోట నుంచే నడుస్తుంది. టేబుల్ మీద స్టాండ్ వేసి నలుగురం తలలు దగ్గర పెట్టి అలా పందెం పూర్తి చేసిన సాయంత్రాలు వేసవిలో మా ఇంట్లో మామూలే. ఆ ఒక్క పనికి ఏ ఇతర కంపెనీ వస్తువూ నాకు సరిపోలేదు.

జాయ్‌కాన్ మీద సీ అని కొత్త బటన్ పెట్టారు. నొక్కితే గేమ్‌చాట్, ఆడుతూ మాట్లాడుకోవడం, ఒకేసారి 12 మంది దాకా. కన్సోల్‌లోనే మైకు ఉంది, హెడ్‌సెట్ అక్కర్లేదు. మొదలుపెట్టేటప్పుడు ఫోన్ నంబరుతో వెరిఫికేషన్ అడుగుతుంది, అది బావమరిది ఇక్కడుండగానే పూర్తి చేసుకున్నాం. మాకు ఆదివారం పొద్దున, వాడికి శనివారం రాత్రి. ఇంత దూరం నుంచి మైకు ఏం పట్టుకుంటుందిలే అనుకుంటే, సోఫాలోంచి మాట్లాడినా స్పష్టంగా వెళ్తోంది, వంటింట్లో కుక్కర్ మూడు విజిల్స్ వేసినా అవతలికి వినపడలేదట. వీడియో కావాలంటే కెమెరా విడిగా కొనాలి, మేం కొనలేదు. అవతలివాళ్ళ ఆట మన స్క్రీన్ మీద చిన్న పెట్టెలో కనిపిస్తుంది కానీ అది ఆగి ఆగి కదులుతుంది. ఇది 2026 మార్చి 31 దాకానే ఉచితం, ఆ తర్వాత నింటెండో ఆన్‌లైన్ చందా కట్టాలి, ఒక్కరికి ఏడాదికి 19.99 డాలర్లు. ఆన్‌లైన్‌లో పోటీలాడాలన్నా అదే చందా.

మిగతా గేముల గురించి నాలుగు ముక్కలు. డాంకీ కాంగ్ బనాంజా పిల్లలున్న ఇంటికి తప్పనిసరి. గోడలు, కొండలు, నేల, కనిపించిందల్లా పిడికిలితో పగలగొట్టుకుంటూ లోపలికి పోవడమే పని, రెండో మనిషి పౌలీన్‌గా కూడా ఆడొచ్చు. సైబర్‌పంక్ ఇంత చిన్నదాంట్లో నడవడమే వింత, టీవీ మీద ముద్దుగానే ఉంది, ఎన్వీడియా చిప్పు, చిన్న బొమ్మని ఏఐతో పెద్దగా స్పష్టంగా చేసే దాని డీఎల్ఎస్ఎస్ పుణ్యం. పాత స్విచ్ గేములు దాదాపు అన్నీ ఆడతాయి. జెల్డా బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ మీ దగ్గర ముందే ఉంటే 10 డాలర్లు కట్టి కొత్త ఎడిషన్‌కి మార్చుకోవచ్చు, పాతదాంట్లో అడవిలోకి వెళ్తే నత్తనడక నడిచే గేము ఇందులో సాఫీగా పోతుంది. పోకెమాన్ స్కార్లెట్‌కి అలాంటి అప్‌డేట్ ఉచితం. ఇక వెల్‌కమ్ టూర్ అని కన్సోల్ గురించి చెప్పే గేము ఒకటుంది, దానికి కూడా 9.99 డాలర్లు అడుగుతున్నారు. వస్తువు కొన్నాక దాన్ని ఎలా వాడాలో చెప్పడానికి మళ్ళీ డబ్బులా! అది వదిలెయ్యండి.

గేముల ఖరీదు అసలు నొప్పి. మారియో కార్ట్ వరల్డ్ విడిగా కొంటే 79.99 డాలర్లు, అంటే మన డబ్బుల్లో దాదాపు ఏడు వేలు, ఒక్క గేముకి. పీసీలో పండగ సేల్స్‌లో ఐదొందలకి, వెయ్యికి గేములు కొనే అలవాటున్నవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. నింటెండో సొంత గేములు పెద్దగా తగ్గవు, ఏళ్ళు గడిచినా అదే రేటు. మనకి ఈషాప్ లేదు కాబట్టి అమెరికా ప్రాంతం పెట్టుకుని అకౌంట్ తెరిచి, గిఫ్ట్ కార్డులతో కొనుక్కోవాలి. అందుకే నేను వీలైనంతవరకు గేముల్ని కన్సోల్‌లో పెట్టే కార్డు రూపంలోనే కొంటాను, ఆడేశాక అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. కార్డులకి ఏ దేశానిదైనా పనిచేసే సౌలభ్యం ఉంది.

కానీ ఈసారి అందులోనూ మెలిక పెట్టారు. గేమ్ కీ కార్డ్ అని కొత్త రకం. కార్డు ఉంటుంది, అందులో గేము ఉండదు, తాళంచెవి మాత్రమే. పెట్టగానే మొత్తం ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలి, ఆడినప్పుడల్లా కార్డు లోపల ఉండాలి. అమ్ముకోవచ్చు, ఆ మేరకు నయం. బాక్సు మీద కింద తెల్లపట్టీలో తాళంచెవి బొమ్మతో రాసి ఉంటుంది, కొనేముందు చూసుకోండి. సైబర్‌పంక్ వాళ్ళు మాత్రం 64 జీబీ కార్డులో గేము మొత్తం పెట్టి ఇచ్చారు, అది మర్యాద. అన్నట్టు చిన్నపిల్లలు మింగకుండా ఈ కార్డులకి 2017 నుంచే డెనటోనియం బెంజోయేట్ అనే చేదు పదార్థం పూస్తున్నారు. మావాడు నిజమా కాదా అని నాలిక్కి తగిలించి చూసి అన్నం తినేదాకా మొహం అలాగే పెట్టుకున్నాడు.

లోపల 256 జీబీ ఉంది. నింటెండో సొంత గేములు తక్కువే తింటాయి, మారియో కార్ట్ 25 జీబీ లోపే. బయటి కంపెనీల పెద్ద గేములు 50, 60 జీబీ మింగుతాయి, వాటికి తోడు కీ కార్డులు, చోటు ఇట్టే అయిపోతుంది. అప్పుడు మెమరీ కార్డు కావాలి, ఇంట్లో మూలనున్నవేవీ పనికిరావు. మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త రకమే కావాలి, 2 టీబీ దాకా పడుతుంది, మామూలుదానికంటే ఖరీదు రెండింతల పైమాటే. హైదరాబాద్‌లో ఒక షాపుకి ఫోన్ చేసి రకం పేరు అక్షరం అక్షరం చెప్పి, ఉందంటే డబ్బు పంపించి తెప్పించుకున్నాను. పెడితే కన్సోల్ ఇది పనికిరాదంది. తీసి చూస్తే మామూలు కార్డే, మీద మాత్రం చాలా వేగం అని పెద్ద అక్షరాలు. వాపసు అడిగితే "సీల్ తీసేశారు కదండీ" అన్నాడు. ఇప్పుడది డాష్‌క్యామ్‌లో ఉంది. సరైన కార్డు గుర్తుపట్టడం తేలిక: ముందువైపు ఈఎక్స్ అనే గుర్తు ఉంటుంది, వెనక్కి తిప్పితే బంగారు రంగు పిన్నులు ఒక వరస కాదు, రెండు వరసలు ఉంటాయి. ఆ ఈఎక్స్ గుర్తు ప్యాకెట్టు అద్దంలోంచే కనపడుతుంది, సీల్ తియ్యక్కర్లేదు.

రిపేరు సంగతి. అమెరికాలో కొన్నదానికి ఏడాది వారంటీ, అది అక్కడే. ఇక్కడ ఏమైనా అయితే మళ్ళీ ఎవరైనా వెళ్ళేవాళ్ళ సూట్‌కేసు చూసుకోవాలి. విప్పి చూసిన ఐఫిక్సిట్ వాళ్ళు రిపేరు సులువుకి పదికి 3 మార్కులే ఇచ్చారు, బ్యాటరీని గట్టి జిగురుతో అతికించేశారట. వీధి చివర మొబైల్ రిపేరు అబ్బాయికి ఇచ్చే ముందు నాలుగుసార్లు ఆలోచించండి. సర్వీసే ముఖ్యం అనుకునేవాళ్ళకి ఏసూస్ రాగ్ అలై లాంటివి మన దేశంలోనే బిల్లుతో, వారంటీతో దొరుకుతున్నాయి, అది మంచి కారణమే. నింటెండో గేములు మాత్రం వాటిల్లో రావు.

తెచ్చిపెట్టేవాళ్ళు లేక ఇక్కడి షాపుల్లోనే కొంటున్నారా, ఒక్క జాగ్రత్త. జపాన్‌లో దీన్ని రెండు రకాలుగా అమ్ముతున్నారు. ఒకటి అన్ని భాషలదీ, విడుదలైనప్పుడు 69,980 యెన్‌లు. ఇంకోటి జపనీస్ భాష మాత్రమే ఉండేది, అప్పట్లో 49,980 యెన్‌లు, చాలా చవక. ఈ రెండోదాంట్లో ఇంగ్లీషు మెనూ రాదు, జపాన్ ప్రాంతపు అకౌంట్ తప్ప ఇంకోటి ఎక్కదు. మిగతా షాపులకంటే ఎనిమిది, పదివేలు తక్కువ చెప్తున్నారంటే ముందు ఇదేనేమో అని చూడండి. బాక్సు మీద రాతంతా జపనీస్‌లోనే ఉంటే డబ్బులిచ్చే ముందు అక్కడే ఆన్ చేయించి భాషల పట్టీ తెరిపించండి. "సెట్టింగ్స్‌లో మారిపోద్ది సార్, ఇంటికెళ్ళి మార్చుకోండి" అంటారు. మారదు.